రీత్‌లో డబ్ల్యూ పలకదు, ప్లమ్ కేకులో ప్లమ్ ఉండదు

ఈ నెల కడప, అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్రిస్మస్ గురించే. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు, నేర్పేవాళ్లు, కార్డు మీద ఏం రాయాలో తోచక ఆగినవాళ్లు అడిగినవి ఇవి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒక ప్రశ్నగా కలిపాం.

మా సంఘంలో డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలు. బెంగుళూరు ఆఫీసులో ఈ మాట అంటే ఉత్తరాది వాళ్లకు అర్థమే కాలేదు. ఇంగ్లీషులో ఏమనల్ల? పిలుపు కాగితం ఎట్ల రాయల్ల?
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సెమీ క్రిస్మస్ మన తెలుగు సంఘాల్లో, కాలేజీల్లో, ఆఫీసుల్లో స్థిరపడిపోయిన మాట. మనలో మనం అనుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు. బయటివాళ్లకు మాత్రం అది సగం క్రిస్మస్ అని వినిపిస్తుంది. వాళ్లతో మాట్లాడేటప్పుడు సందర్భాన్ని బట్టి మార్చండి. ఆఫీసులో కేకు కోసి, ఆటలు పెట్టి, భోజనాలు చేస్తే అది ‘క్రిస్మస్ పార్టీ’. డిసెంబరు 10న జరిగినా పేరు అదే. చర్చిలో పాటలు, వాక్య పఠనం ప్రధానమైతే ‘క్యారల్ సర్వీస్’. రెండూ కలిసిన సభ అయితే ‘ప్రీ-క్రిస్మస్ సెలబ్రేషన్’ అంటే చాలు.

ఆహ్వానంలో ఎవరు పిలుస్తున్నారు, దేనికి, ఏ తేదీ ఏ వారం, ఎన్ని గంటలకు, ఎక్కడ అన్నవి ఉంటే సరిపోతుంది. ‘వుయ్ వార్మ్‌లీ ఇన్వైట్ యూ అండ్ యువర్ ఫ్యామిలీ టు అవర్ క్రిస్మస్ సెలబ్రేషన్’ అని మొదలుపెట్టి తేదీకి ముందు ‘ఆన్’, గంటకు ముందు ‘ఎట్’ పెట్టండి. ‘యువర్ గుడ్ సెల్వ్స్’, ‘గ్రేస్ ద అకేషన్’ లాంటివి పాత దరఖాస్తుల వాసన కొడతాయి, వదిలేయండి.

చివర ‘ప్రేమ విందు కలదు’ అని రాస్తాం కదా, దాన్ని ‘లవ్ ఫీస్ట్’ అని మార్చేస్తున్నారు. కొన్ని క్రైస్తవ శాఖల్లో ఆ మాట ఉంది గానీ, చర్చి బయటివాళ్లు వింటే కనుబొమ్మలు ఎగరేస్తారు. ‘ఫెలోషిప్ మీల్’ అనండి, లేదా ‘డిన్నర్ విల్ బీ సర్వ్‌డ్’ అని ఊరుకోండి.

ఏడో తరగతికి క్రిస్మస్ పాఠం చెబుతున్నాను. పిల్లలు రాసింది రాసినట్టు చదివేస్తున్నారు: వ్రీత్, చోయిర్, మిస్టిల్‌టో. ఏ అక్షరం పలకాలో గుర్తుపెట్టుకునే దారి ఏదైనా ఉందా?
— ఒక ఉపాధ్యాయిని, నంద్యాల

ఉంది. పదాలను విడివిడిగా కాకుండా గుంపులుగా నేర్పండి.

మొదటి గుంపు ఎస్ పక్కన టి. క్రిస్మస్ స్పెల్లింగులో టి ఉంది గానీ పలకదు. ఎస్, టి, ఎం వరుసగా వస్తే నాలుక మధ్యదాన్ని జారవిడుస్తుంది. మిస్‌ల్‌టో కూడా ఇదే దారి. పిల్లలకు ముందే తెలిసిన లిసన్, క్యాసిల్, విసిల్ పక్కన వీటిని రాస్తే కొత్తగా బట్టీ పట్టక్కర్లేదు. (క్యాసిల్‌ను ఇంగ్లండ్‌లో కాసిల్ అంటారు. టి మాత్రం రెండు చోట్లా లేదు.)

రెండోది ఆర్ ముందు డబ్ల్యూ. రైట్, రాంగ్, ర్యాప్, రిస్ట్, వీటి వరుసలోనే రీత్. తలుపుకు తగిలించే ఆకుల వలయం అది. గిఫ్టుకు కాగితం చుట్టడం ర్యాప్ చేయడం కాబట్టి ఈ రెండూ ఒకే పాఠంలో కుదురుతాయి.

మూడోది అతుకు పదాలు. షెపర్డ్ అంటే షీప్‌కు హర్డ్ కలిసిన మాట. పి ఒక ముక్కది, హెచ్ ఇంకో ముక్కది. అందుకే అక్కడ ‘ఫ’ రాదు, ‘షెఫర్డ్’ తప్పు. నాలుగోది జి, హెచ్ జత. స్లే అనే మంచు బండిలో ఆ రెండూ మౌనం, వెయ్ అన్న మాటలో లాగానే.

క్వైర్ ఒక్కటే ఏ గుంపుకూ లొంగదు. ఇంగ్లీషులో ఒకప్పుడు దాన్ని పలికినట్టే రాసేవారు. తర్వాత లాటిన్ కోరస్‌కు దగ్గరగా కనిపించాలని సి, హెచ్ తగిలించారు, పలుకు మాత్రం మారలేదు. అది బట్టీయే.

పలుకు కంటే ఎక్కువ గొడవ తెచ్చే జతలు రెండున్నాయి. ఏంజెల్ అంటే దేవదూత, యాంగిల్ అంటే కోణం. చివరి రెండక్షరాలు తారుమారైతే దేవదూత కాస్తా లెక్కల పుస్తకంలోకి వెళ్లిపోతాడు. మేంజర్ అంటే పశువుల తొట్టి, మేనేజర్ సంగతి తెలిసిందే. మధ్యలో ఒక ‘ఏ’ ఎక్కువైతే బాల యేసు మేనేజర్‌లో పడుకుంటాడు. ఏటా జవాబు పత్రాల్లో కనిపించే తప్పు ఇది. బోర్డు మీద పదం రాసి, పలకని అక్షరాన్ని వేరే రంగు సుద్దతో గీయండి. మర్నాడు చదివించకుండా డిక్టేషన్ ఇవ్వండి. తప్పు చదవడంలో కంటే రాయడంలో త్వరగా బయటపడుతుంది.

సండే స్కూలు పిల్లలతో ఇంగ్లీషులో యేసు జనన నాటిక వేయిస్తున్నాం. తెలుగు బైబిల్ మాటలు తెలుసు, వాటి ఇంగ్లీషు తెలీదు.
— ఒక సండే స్కూలు టీచరు, జమ్మలమడుగు

నాటికను ‘నెటివిటీ ప్లే’ అంటారు. లూకా రెండో అధ్యాయంలో ‘పొత్తిగుడ్డలతో చుట్టి’ అన్న చోట పాత ఇంగ్లీషు బైబిల్‌లో ఉన్నది ‘స్వాడ్లింగ్ క్లోత్స్’. ఈ మాట బయట ఎక్కడా పెద్దగా వాడరు, క్రిస్మస్‌కే బతికి ఉంది. సత్రం ‘ఇన్’. గొర్రెల కాపరులు షెపర్డ్స్, మంద ఫ్లాక్.

మత్తయి రెండో అధ్యాయంలో జ్ఞానులు ‘వైజ్ మెన్’. ఇంకో పేరు ‘మేజై’. స్పెల్లింగ్ చూసి ‘మాగి’ అంటే పిల్లలకు నూడుల్స్ గుర్తొస్తాయి, జాగ్రత్త. బంగారము ‘గోల్డ్’, సాంబ్రాణి ‘ఫ్రాంకిన్‌సెన్స్’, బోళము ‘మర్’. ఈ చివరి మాటకు ఇంగ్లీషులో ఐదక్షరాలు, అచ్చులాంటిది ఒక్క వై మాత్రమే. స్క్రిప్టులో దాని పైన తెలుగులో పలుకు రాసివ్వండి. కానుకలు మూడు కాబట్టి ముగ్గురు వచ్చారని సంప్రదాయం చెబుతుంది గానీ, మత్తయి సంఖ్య చెప్పలేదు. పిల్లలు ఎక్కువుంటే నలుగురైదుగురిని జ్ఞానులను చేసినా వాక్యానికి విరుద్ధం కాదు. సత్రం యజమాని పాత్ర కూడా నాటకాలు కల్పించుకున్నదే. లూకాలో సత్రంలో స్థలం లేదన్న మాట ఉంది, మనిషి లేడు.

వేదిక మాటలు కొన్ని: పాత్రధారులందరూ కలిసి ‘క్యాస్ట్’, చేతిలో పట్టుకునే వస్తువులు ‘ప్రాప్స్’, తెర వెనక నుంచి మాట అందించేవాళ్లు ‘ప్రాంప్టర్’, తల వెనక కాంతి వలయం ‘హేలో’. ఫోనులో అనే హలోకూ దీనికీ తేడా మొదటి అచ్చులోనే ఉంది.

ఒక్కో పిల్లకు ఎనిమిది పది మాటలకు మించిన వాక్యం ఇవ్వకండి. ఆగాల్సిన చోట గీత గీయండి. మైకు ముందు పిల్లలు తడబడేది అర్థం తెలీక కాదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలీక.

ఎట్ క్రిస్మస్, ఆన్ క్రిస్మస్, ఇన్ క్రిస్మస్. ఏది రైటు? క్రిస్మస్ ఈవ్ అంటే 25 సాయంత్రమా?
— డిగ్రీ విద్యార్థి, అనంతపురం

‘ఇన్ క్రిస్మస్’ తీసేయండి. పండగ రోజులన్నీ కలిపి చెబితే ‘ఎట్ క్రిస్మస్’: ‘వుయ్ గో టు అవర్ విలేజ్ ఎట్ క్రిస్మస్’. ‘డే’ అన్న మాట తగిలిందంటే ‘ఆన్’ రావాలి: ‘ఆన్ క్రిస్మస్ డే’, అంటే సరిగ్గా 25. అమెరికావాళ్లు డే లేకుండానే ‘ఆన్ క్రిస్మస్’ అంటారు, అది వాళ్ల వాడుక. కొత్త బట్టలు దేనికోసం కొన్నారో చెబితే ‘ఫర్ క్రిస్మస్’. ఇంటికి సున్నం ఎప్పటిలోగా పూర్తవ్వాలో చెబితే ‘బై క్రిస్మస్’. ముందు ‘నెక్స్ట్’, ‘లాస్ట్’ చేరితే ఏ విభక్తీ వద్దు. పండగ పేరుకు ముందు ‘ద’ కూడా వద్దు. ‘ద క్రిస్మస్ ట్రీ’లో ద చెట్టుది, పండగది కాదు.

ఈవ్ అంటే 25 సాయంత్రం కాదు. సంక్రాంతికి భోగి ఎలాగో క్రిస్మస్‌కు ఈవ్ అలాగ. డిసెంబరు 24 పొద్దున కూడా క్రిస్మస్ ఈవే. పూర్వం చర్చిలో రోజును సూర్యాస్తమయం నుంచి లెక్కించేవారు. అందువల్ల ముందు రోజు సాయంత్రమే పండగలో భాగమైంది, ఆ మాట మెల్లగా రోజంతటికీ పాకింది. 25 సాయంత్రాన్ని ‘క్రిస్మస్ డే ఈవ్నింగ్’ అనాలి.

24 అర్ధరాత్రి కథోలిక్ చర్చిలో జరిగేది ‘మిడ్‌నైట్ మాస్’. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), బాప్టిస్టు సంఘాల్లో ‘సర్వీస్’ అంటారు, మాస్ అనరు. వెళ్లినవాళ్లు ‘అటెండ్’ చేస్తారు. ఫాదర్ మాస్‌ను ‘సెలబ్రేట్’ చేస్తారు, అయ్యగారు సర్వీస్‌ను ‘కండక్ట్’ చేస్తారు. అన్నట్టు ప్రతి పెద్ద చర్చీ కెథీడ్రల్ కాదు. బిషప్ పీఠం ఉన్నదే కెథీడ్రల్. నంద్యాల హోలీ క్రాస్‌కు ఆ పేరు వచ్చింది సైజును బట్టి కాదు, సీఎస్ఐ నంద్యాల డయోసిస్ (బిషప్ పరిధి) పీఠం అక్కడ ఉండబట్టి.

ప్లమ్ కేకు వీడియోలు ఇంగ్లీషులో చూస్తున్నాను. క్రీమ్ చేయండి, ఫోల్డ్ చేయండి, లైన్ చేయండి అంటారు. పోయినసారి ద్రాక్షలన్నీ అడుక్కి దిగిపోయాయి. మాటలూ చెప్పండి, కొలతలూ చెప్పండి.
— ఒక గృహిణి, ఆదోని

ముందు పేరు. ఇంగ్లీషులో ఒకప్పుడు ఎండుద్రాక్షను కూడా ప్లమ్ అనేవారు. ఆ పేరే కేకుకు మిగిలింది, ప్లమ్ పండు వెతుక్కోనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో ఇప్పుడు దీన్ని ‘ఫ్రూట్ కేక్’ లేదా ‘క్రిస్మస్ కేక్’ అంటారు.

సరుకుల పేర్లలో కొన్ని మోసం చేస్తాయి. ‘ప్లెయిన్ ఫ్లోర్’, ‘ఆల్ పర్పస్ ఫ్లోర్’ రెండూ మైదానే. ‘సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్’లో బేకింగ్ పౌడర్ ముందే కలిపి ఉంటుంది. మన మైదాతో అదే వంటకం చేస్తే పిండి పొంగదు. ‘బైకార్బొనేట్ ఆఫ్ సోడా’ అంటే వంట సోడా, బేకింగ్ పౌడర్ కాదు. ‘సుల్తానాస్’ లేత రంగు కిస్‌మిస్, ‘రెయిజిన్స్’ ముదురు రంగువి, ‘కరెంట్స్’ బాగా చిన్న నల్ల ఎండుద్రాక్ష. ఓవెన్ వేడి 325 అని ఉంటే అది ఫారన్‌హీట్, మన లెక్కలో 160 డిగ్రీల పైచిలుకు. అమెరికా ‘కప్’ సుమారు 240 మిల్లీలీటర్లు, ఇంట్లో టీ కప్పు కాదు. టేబుల్ స్పూన్ 15, టీ స్పూన్ 5 మిల్లీలీటర్లు.

ఇక కొలత. ఏడంగుళాల గుండ్రటి టిన్నుకు: ఎండుద్రాక్ష, ఖర్జూరం, టూటీ ఫ్రూటీ, జీడిపప్పు కలిపి 250 గ్రాములు, నారింజ రసం 120 మిల్లీలీటర్లు, వెన్న 125 గ్రాములు, బ్రౌన్ షుగర్ 125 గ్రాములు, గుడ్లు మూడు, మైదా 150 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒక టీ స్పూను, లవంగం, దాల్చినచెక్క, జాజికాయ కలిపిన పొడి ఒక టీ స్పూను, చిటికెడు ఉప్పు. రంగుకు 75 గ్రాముల చక్కెరతో పాకం.

‘సోక్’ అంటే నానబెట్టడం. ద్రాక్ష, ఖర్జూరం, టూటీ ఫ్రూటీ రసంలో వేసి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచండి. జీడిపప్పు నానబెట్టకండి, మెత్తబడుతుంది. చక్కెరను ఒక్కటే మందపాటి గిన్నెలో ముదురు గోధుమ రంగు వచ్చేదాకా కరిగించి, స్టవ్ ఆపి, నాలుగు టేబుల్ స్పూన్ల వేడినీళ్లు పక్క నుంచి పోయండి. చన్నీళ్లు పోస్తే చిమ్ముతుంది, చేయి కాలుతుంది. రంగు ఒక్క మెట్టు దాటి నల్లబడితే కేకంతా చేదు. అలాంటి పాకం పారబోసి మళ్లీ పెట్టుకోవడమే మేలు.

‘క్రీమ్ ద బటర్ అండ్ షుగర్’ అంటే క్రీము కలపమని కాదు. వెన్న, చక్కెర కలిపి లేత రంగుకు వచ్చి తేలికయ్యేదాకా గిలకొట్టమని. అప్పుడు చేరిన గాలే కేకును లేపుతుంది. గుడ్లు ఒక్కొక్కటిగా వేయండి. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వేస్తే వెన్న బిగుసుకుని మిశ్రమం విరిగినట్టు అవుతుంది, దాన్నే ‘కర్డిల్’ అంటారు. ఒక చెంచా మైదా వేసి తిప్పితే సర్దుకుంటుంది. పాకం చల్లారాక కలపండి.

‘సిఫ్ట్’ జల్లించడం. మైదా, బేకింగ్ పౌడర్, మసాలా పొడి, ఉప్పు కలిపి జల్లించండి. ‘ఫోల్డ్’ అంటే గరిటె అడుగు నుంచి పైకి తెచ్చి మడతపెట్టినట్టు కలపడం. ఇక్కడ గిలకొడితే కేకు సాగుతుంది. ‘గ్రీజ్’ వెన్న రాయడం, ‘లైన్’ టిన్ను లోపల కాగితం పరచడం.

మీ ద్రాక్షలు దిగిపోవడానికి కారణం రెండింట్లో ఒకటి. పళ్లు తడిగా వేశారు, లేదా పిండి జారుగా ఉంది. నానిన పళ్లను జల్లెడలో పావుగంట వడకట్టండి. తూచిన మైదాలోంచే ఒక టేబుల్ స్పూను తీసి పళ్లకు, జీడిపప్పుకు పట్టించండి, చివర్లో కలపండి. మిగిలిన రసం పిండిలో పోయాలని చేయి లాగుతుంది, పోయకండి. గరిటె ఎత్తితే పిండి ధారగా కారకూడదు, ముద్దగా జారిపడాలి.

ఓవెన్ 160 డిగ్రీల దగ్గర గంట నుంచి గంటా పది నిమిషాలు. మొదటి 45 నిమిషాలు తలుపు తీయొద్దు. ‘సింక్స్ ఇన్ ద మిడిల్’, అంటే నడిమి గుంట పడటం, దాదాపు ఎప్పుడూ ముందే తీసి చూడటం వల్లో ఉడక్క ముందే దించడం వల్లో జరుగుతుంది. పైన పగిలితే వేడి ఎక్కువైంది. ఓవెన్ లేకపోతే పాత మందపాటి గిన్నెలో ఇసుకో ఉప్పో పోసి, స్టాండు పెట్టి, మూతేసి పది నిమిషాలు కాచాక టిన్ను దించి సన్న సెగ మీద వండొచ్చు. కుక్కరైతే గ్యాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి. ‘ఎ స్క్యూవర్ కమ్స్ అవుట్ క్లీన్’ అంటే మధ్యలో గుచ్చిన పుల్లకు పిండి అంటకూడదని.

వీడియోల్లో ‘ఫీడ్ ద కేక్’ అని వారం వారం చెంచాతో బ్రాందీ పోస్తుంటారు. ఆ కేకు నెలలు నిలుస్తుంది. రసంతో చేసింది నిలవదు. ఫ్రిజ్‌లో పెట్టి వారంలో తినేయండి.

‘అడ్వాన్స్ హ్యాపీ క్రిస్మస్’ తప్పా? మెర్రీకి హ్యాపీకి తేడా ఏంటి? కార్డు మీద ఇంటిపేరు ఎట్ల రాయల్ల?
— ఒక పాఠకురాలు, కడప

తేడా వాడుకలోనే. మెర్రీ ఎక్కడైనా చెల్లుతుంది, బ్రిటన్‌లో హ్యాపీ కూడా బాగా వినిపిస్తుంది. మెర్రీని కొత్త సంవత్సరానికి తగిలించకూడదు, అంతే. ‘అడ్వాన్స్’ చివరికి వెళ్లాలి: ‘హ్యాపీ క్రిస్మస్ ఇన్ అడ్వాన్స్’. ‘విష్ యూ హ్యాపీ క్రిస్మస్’లో రెండు లోపాలు. ముందు ‘ఐ’ గానీ ‘వుయ్’ గానీ ఉండాలి, హ్యాపీకి ముందు ‘ఎ’ ఉండాలి. జవాబుగా ‘సేమ్ టు యూ’ తప్పు కాదు, ‘యూ టూ’ ఇంకా సహజం.

ఇంటిల్లిపాది తరఫున రాస్తే ‘ద రెడ్డీస్’, ‘ద ప్రసాద్స్’. చివర ఎస్ చాలు, కామాలా వేలాడే గుర్తు వద్దు. ఆ గుర్తు పెడితే రెడ్డిగారి ఏదో వస్తువు అయిపోతుంది. ‘సీజన్స్ గ్రీటింగ్స్’లో మాత్రం ఎన్ తర్వాత ఆ గుర్తు ఉండాలి, ఎందుకంటే అవి సీజన్ తాలూకు శుభాకాంక్షలు. ‘ఎక్స్‌మస్’లోని ఎక్స్ క్రీస్తు పేరును కొట్టేసింది కాదు. గ్రీకులో క్రిస్తోస్ అన్న పేరుకు మొదటి అక్షరం ‘ఖి’, చూడటానికి ఎక్స్ లాగే ఉంటుంది. చదివేటప్పుడు క్రిస్మస్ అనే చదవాలి. పెద్దలకు పంపే కార్డులో పూర్తిగా రాయడం మర్యాద.

అలంకరణ సామాన్లకు ఇంగ్లీషు పేర్లు?
— ఒక పాఠకుడు, గుత్తి

మనం సీరియల్ సెట్ అనేది బ్రిటన్‌లో ‘ఫెయిరీ లైట్స్’, అమెరికాలో ‘స్ట్రింగ్ లైట్స్’. మన పేరులోనే దాని జబ్బు ఉంది. పాత రకం చిన్న బల్బులన్నీ ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒకటి పోతే ఆ వరుసంతా ఆరిపోతుంది. విప్పి కలిపేముందు ప్లగ్ తీయండి. స్విచ్ ఆపితే చాలదు.

చెట్టుకు వేలాడే మెరిసే గుండ్లు ‘బాబుల్స్’, అమెరికాలో ‘ఆర్నమెంట్స్’. జరీలా మెరిసే దండ ‘టిన్సెల్’. వాకిట్లో కట్టే కాగితపు నక్షత్రం ‘స్టార్ ల్యాంటర్న్’. పశువుల పాక బొమ్మల కొలువు ‘క్రిబ్’ లేదా ‘నెటివిటీ సీన్’. మన దగ్గర చెట్టుగా నిలబెట్టే సరుగుడు కొమ్మను ‘క్యాజువరైనా’ అంటారు. దాన్ని తడి ఇసుక బకెట్లో పాతి రోజూ నీళ్లు చల్లండి. ఎండిన సరుగుడు ఇట్టే అంటుకుంటుంది, పక్కన కొవ్వొత్తి పెట్టొద్దు.

చిన్న ప్రశ్నలు

*బాక్సింగ్ డేకి బాక్సింగ్‌తో సంబంధం ఉందా?* లేదు. డిసెంబరు 26న ఇంగ్లండ్‌లో పనివాళ్లకు, ఇంటికి సరుకులు తెచ్చేవాళ్లకు ఇచ్చే ఈనాం పెట్టెల నుంచి వచ్చిన పేరు.

*క్రిస్మస్ క్రాకర్ అంటే టపాకాయా?* కాదు. భోజనాల బల్ల మీద పెట్టే కాగితపు గొట్టం. ఇద్దరు చెరో కొస పట్టి లాగితే చిన్నగా పేలి లోపలి నుంచి కాగితం టోపీ, చిన్న బహుమతి, ఒక జోకు పడతాయి. మనం కాల్చేవి ‘ఫైర్‌వర్క్స్’.

*మా కాలేజీలో చీటీలు తీసి రహస్యంగా గిఫ్టులిచ్చే క్రిస్మస్ ఫ్రెండ్‌ను ఏమంటారు?* ‘సీక్రెట్ శాంటా’. మొత్తం ఆటకూ అదే పేరు, ఇచ్చే మనిషికీ అదే పేరు.

*క్యారల్స్ వచ్చారు అనొచ్చా?* తెలుగులో అనండి. ఇంగ్లీషులో క్యారల్ అంటే పాట. ఇంటింటికీ వచ్చేవాళ్లు ‘క్యారల్ సింగర్స్’.

*స్టార్ ఎప్పుడు దించాలి?* క్రిస్మస్ పన్నెండు రోజుల పండగ. జనవరి 6న జ్ఞానుల దర్శనాన్ని తలచుకునే ‘ఎపిఫనీ’. దాని ముందు రాత్రి ‘ట్వెల్ఫ్త్ నైట్’ నాటికి అలంకరణలు తీసేయడం ఇంగ్లండ్ అలవాటు. దించాక సీరియల్ సెట్టును అట్టముక్కకు చుట్టి పెట్టండి. సంచిలో కుక్కితే వచ్చే డిసెంబరుకు తీగ తెగి ఉంటుంది.